గుండెకు నచ్చేలా టీ తాగడం ఎలా?

మీరు రోజుకు ఎన్ని టీలు తాగుతారు? వెంటనే జవాబు చెప్పేయకండి. పొద్దున్నే పేపరు చదువుతూ ఒకటి, టిఫిన్ అయ్యాక ఒకటి, ఆఫీసులో పదకొండు గంటలకు ఒకటి, మధ్యాహ్నం కునుకు రాకుండా ఒకటి, సాయంత్రం స్నేహితులతో టీ కొట్టు దగ్గర ఒకటి. ఎవరింటికైనా వెళ్లినప్పుడు కాదనలేక తాగేది వీటికి అదనం. అన్నీ కలిపి చూడండి. మీరు అనుకున్నదానికంటే ఒకటో రెండో ఎక్కువే తేలతాయి.

నలభై దాటాక చేయించుకున్న పరీక్షల్లో బీపీ కాస్త ఎక్కువుందనో, కొలెస్ట్రాల్ హద్దు దాటిందనో తెలియగానే ఇంట్లో మొదటి వేటు పడేది టీ మీదే. "ముందు ఆ టీలు మానెయ్యండి" అంటారు ఒకరు. "గ్రీన్ టీ తాగితే రక్తనాళాల్లో కొవ్వంతా కరిగిపోతుందట" అంటారు ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా పూర్తిగా వినక్కర్లేదు. టీ ఆకు గుండెకు శత్రువేమీ కాదు. అలాగని మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచే మందూ కాదు. గ్లాసులో ఆకుతో పాటు ఏం పడుతోంది, పక్కన ప్లేటులో ఏముంది, ఏ వేళకు తాగుతున్నారు? గుండెకు మేలా, కీడా అన్నది ఎక్కువగా ఈ మూడింటి మీదే ఆధారపడుతుంది. మూడూ మీ చేతిలో ఉన్నవే.

పరిశోధనల మాట, క్లుప్తంగా

బ్రిటన్‌లో 40 నుంచి 69 ఏళ్ల మధ్య వయసున్న దాదాపు 5 లక్షల మందిని పదకొండేళ్ల పాటు గమనించి, 2022లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లలో ఎక్కువమంది తాగేది బ్లాక్ టీ, అంటే మనం వాడే టీ పొడి రకమే. రోజుకు రెండు కప్పులు, అంతకు మించి తాగేవారికి, అసలు తాగనివారితో పోలిస్తే మరణించే ముప్పు 9 నుంచి 13 శాతం తక్కువగా కనిపించింది. గుండెజబ్బు, పక్షవాతం వల్ల వచ్చే మరణాలూ తక్కువే. పాలు, పంచదార కలుపుకున్నవారిలోనూ ఆ తేడా అలాగే ఉంది. చైనాలో లక్ష మందికి పైగా పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి మూడుసార్లయినా టీ తాగే అలవాటున్నవారికి గుండెజబ్బు, పక్షవాతం ముప్పు 20 శాతం తక్కువని తేలింది. జపాన్‌లోని ఒహ్సాకి ప్రాంతంలో 40 వేల మందిపై జరిగిన పరిశీలన 2006లో వెలువడింది. రోజుకు ఐదు కప్పులు, అంతకు మించి గ్రీన్ టీ తాగేవారిలో, ఒక కప్పు కూడా తాగనివారి కంటే, గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే ముప్పు 26 శాతం తక్కువ.

ఎందుకిలా? టీ ఆకులో ఫ్లావనాయిడ్లు అనే పదార్థాలున్నాయి. రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేసినప్పుడు నాళం సడలి, రక్తం సాఫీగా పారుతుంది. ఆ పనికి ఫ్లావనాయిడ్లు తోడ్పడతాయి. ఆస్ట్రేలియాలో ఆరు నెలల పాటు రోజూ మూడు కప్పుల బ్లాక్ టీ ఇచ్చి చూస్తే బీపీ 2 నుంచి 3 పాయింట్లు తగ్గింది. మంచి విషయమే, కానీ బీపీ మాత్ర మానేసేంత తేడా కాదు.

ఈ అంకెలు చూసి గ్లాసులు పెంచేయకండి. రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఆ పెద్ద అధ్యయనాలన్నీ జనాన్ని గమనించి వేసిన లెక్కలు. టీ తాగేవాళ్ల తిండి, నడక, నిద్ర లాంటివి కూడా ఆ తేడాకు కొంత కారణమై ఉండొచ్చు. రెండోది మనకు మరీ ముఖ్యం. బ్రిటన్‌లో టీ అంటే వేడినీళ్లలో ఆకు నానబెట్టి, పైన కాసిన్ని పాలు పోసుకునేది. మన టీలో సగం పాలే. పొడి ఆ పాలలోనే మరుగుతుంది, పంచదార గిన్నెలోనే పడిపోతుంది. పేరు ఒకటే అయినా పానీయం వేరు. వాళ్ల ఫలితంలో మనకూ వాటా దక్కాలంటే మన గ్లాసును కొంచెం సరిదిద్దుకోవాలి.

ఏం చేయాలి? ఎనిమిది అడుగులు

1. ముందు పంచదార లెక్క తేల్చండి

ఒక చెంచా పంచదార దాదాపు 5 గ్రాములు. గ్లాసుకు రెండు చెంచాలు, రోజుకు ఐదు టీలు అనుకుందాం. 50 గ్రాములైంది. ఏడాదికి 18 కిలోల పైమాటే! రోజుకు 2000 కేలరీలు తినేవారు బయటినుంచి కలుపుకునే చక్కెర 50 గ్రాములు దాటకూడదని, 25 గ్రాముల లోపుంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే స్వీటూ కూల్‌డ్రింకూ ముట్టకముందే, టీతోనే హద్దు దగ్గరికి వెళ్లిపోయారన్నమాట. ఈ చక్కెర పొట్ట చుట్టూ కొవ్వుగా చేరుతుంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లను పెంచుతుంది. గుండెను ఇబ్బంది పెట్టేవి ఇవే.

ఒక్కసారిగా మానేస్తే రెండు రోజుల్లో మళ్లీ మొదలవుతుంది. వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి. నాలుగు వారాలకు నాలుక అలవాటు పడుతుంది, టీ పొడి అసలు రుచి తెలియడం మొదలవుతుంది. బయట తాగేటప్పుడు చక్కెర లేని టీ అడగడానికి మొహమాటం వద్దు. చాలా కొట్లలో విడిగా పెడుతున్నారు. షుగర్ జబ్బు వచ్చాకే అది తాగాలని నియమమేమీ లేదు.

2. పాలు తగ్గించండి, రోజుకు ఒక్కటైనా పాలు లేకుండా తాగండి

బెర్లిన్‌లో 2007లో పదహారుమంది మహిళలతో ఒక ప్రయోగం చేశారు. ఉత్త బ్లాక్ టీ తాగినప్పుడు రక్తనాళాలు బాగా సడలాయి. అదే టీలో పదో వంతు వెన్న తీసిన పాలు కలిపితే ఆ మేలు కనిపించలేదు. పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ టీలోని పదార్థాలను పట్టేసుకోవడమే కారణమన్నారు. అది చిన్న ప్రయోగం, తర్వాతి పరిశోధనలన్నీ దాంతో ఏకీభవించలేదు కూడా. అయినా ఒక్క గ్లాసు పాలు లేకుండా తాగితే పోయేదేముంది?

అల్లం ముక్క, రెండు యాలకులు, నాలుగు పుదీనా ఆకులు, చివర్లో నిమ్మరసం. డికాషన్ చేదు తగ్గించడానికి ఇవి చాలు. పొడిని పది నిమిషాలు మరిగించకుండా, నీళ్లు మరిగాక వేసి, మూతపెట్టి మూడు నాలుగు నిమిషాలు ఉంచి వడగట్టండి.

పాల టీ మానలేకపోతే పాల రకం మార్చండి. ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం. రోజుకు నాలుగైదు టీలు తాగే ఇంట్లో ఈ ఒక్క మార్పుకే నెలాఖరుకు చాలా తేడా వస్తుంది. హైదరాబాద్ ఇరానీ చాయ్ సంగతి వేరు. పాలను చాలాసేపు మరిగించి చిక్కబరుస్తారు, డికాషన్‌ను విడిగా దమ్ మీద ఉంచుతారు. దాన్ని రోజువారీ అలవాటుగా కాక, చార్మినార్ వైపు వెళ్లిన రోజు ఇష్టంగా తాగే చాయ్‌గా ఉంచుకోండి.

3. పక్కనున్న ప్లేటు చూడండి

టీ ఒక్కటే తాగేవాళ్లు ఎంతమంది? రెండు ఉస్మానియా బిస్కెట్లు, లేకపోతే రస్కు, సాయంత్రమైతే సమోసా, మిర్చి బజ్జీ. చాలామందికి గుండెపై భారం పెరిగేది ఇక్కడే. బిస్కెట్లలో మైదా, చక్కెర, ఉప్పు, వనస్పతి లాంటి కొవ్వులు కలిసే ఉంటాయి. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదని 2022 జనవరి నుంచి దేశంలో నిబంధన ఉంది. కానీ మళ్లీ మళ్లీ కాగిన నూనెలో వేయించిన బజ్జీకి ఆ రక్షణ వర్తించదు.

వేయించిన పల్లీలు, శనగలు, గుగ్గిళ్లు, ఒక జామకాయ. టీతో తినడానికి వీటిలో ఏది దొరికినా బిస్కెట్ కంటే నయమే. ఇంట్లో బిస్కెట్ డబ్బా ఉండే చోట పల్లీల డబ్బా పెట్టండి. చేతికి అందేదే నోటికి వెళ్తుంది.

4. భోజనానికి, టీకి మధ్య గంట ఎడం ఉంచండి

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు తాగొద్దని ఆ సంస్థ సూచించింది. టీలోని టానిన్లు తిండిలోని ఇనుమును పట్టేసి, ఒంటికి సరిగా చేరనివ్వవు.

దీనికీ గుండెకూ సంబంధం ఏమిటంటారా? రక్తం తక్కువైనప్పుడు శరీరానికి చాలినంత ఆక్సిజన్ అందించడానికి గుండె మరింత వేగంగా కొట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. పిల్లల్ని బడికి పంపి, ఇడ్లీతో పాటే టీ తాగి, ఆ టీతోనే ఐరన్ మాత్ర వేసుకునే గృహిణిని ఊహించుకోండి. మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ. మాత్ర వేసుకుంటున్నా హిమోగ్లోబిన్ పెరగడం లేదని ఆమె బాధ. ఆమె చేయాల్సిందల్లా మాత్రను నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకుని, టీని గంట వెనక్కి జరపడం.

5. కెఫీన్ హద్దు తెలుసుకోండి

150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుందని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలే చెబుతున్నాయి. రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదు. స్ట్రాంగ్ టీలు ఐదు తాగితే దాదాపు అక్కడికి చేరిపోతారు. మధ్యలో కాఫీ, ఎనర్జీ డ్రింకు లాంటివి ఉంటే అవీ కలపాలి. మూడు నాలుగు టీల దగ్గర ఆగిపోవడం చాలామందికి క్షేమం. టీ తాగాక గుండె దడదడలాడితే, చేతులు వణికితే మీ హద్దు ఇంకా తక్కువని అర్థం. తగ్గించినా దడ ఆగకపోతే డాక్టరుకు చూపించుకోండి.

బీపీ బాగా ఎక్కువగా, అంటే 160/100, అంతకు మించి ఉన్నవారు ఇంకో సంగతి గమనించాలి. జపాన్‌లో 18 వేల మందికి పైగా గమనించిన అధ్యయనం 2022లో వచ్చింది. అంత బీపీ ఉండి రోజుకు రెండు కప్పులు, అంతకు మించి కాఫీ తాగేవారిలో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే ముప్పు రెట్టింపు కనిపించింది. గ్రీన్ టీతో అలా కనిపించలేదు. బీపీ చూపించుకునే ముందు అరగంట పాటు మాత్రం టీ కూడా తాగకండి, అంకె తప్పుగా వస్తుంది.

6. సాయంత్రం తర్వాత గ్లాసు దించేయండి

కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. రాత్రి ఎనిమిదికి తాగిన టీ, అర్ధరాత్రి దాటాక కూడా సగం పని చేస్తూనే ఉంటుంది. మంచి నిద్రను గుండె ఆరోగ్యానికి అవసరమైన ఎనిమిది అంశాల జాబితాలో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో చేర్చింది. మాదాపూర్‌లో రాత్రి షిఫ్టు చేసే కుర్రాడికి ఈ నియమం ఎలా? పడుకునే వేళకు ఆరు గంటల ముందే చివరి టీ. తెల్లారి ఏడింటికి పడుకునేవాడికి రాత్రి ఒంటిగంట టీయే ఆఖరిది కావాలి.

7. మందులేసుకునేవారు డాక్టరుకు చెప్పండి

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటి మందు వాడుతున్నారా? అయితే గ్రీన్ టీని ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో మొదలుపెట్టకండి. అందులోని విటమిన్ కె మందు పనికి అడ్డు తగలవచ్చు. నాడొలాల్ అనే బీపీ మందు గ్రీన్ టీతో కలిస్తే ఒంటికి చాలా తక్కువగా అందుతుందని జపాన్ పరిశోధకులు 2014లో చూపించారు. ఐరన్ మాత్ర మినహా ఏ మాత్రనైనా మంచినీళ్లతోనే వేసుకోవడం మేలు.

8. టీని, సిగరెట్‌ను విడదీయండి

టీ కొట్టు దగ్గర ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో సిగరెట్. ఈ జంటలో గుండెను దెబ్బతీసేది సిగరెట్టే. 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవారిని పరిశీలించి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం, గుండెపోటు ముప్పులో 90 శాతానికి తొమ్మిది కారణాలున్నాయని తేల్చింది. పొగతాగడం, కొలెస్ట్రాల్ అందులో అన్నిటికంటే పెద్దవి. టీ ఆ జాబితాలోనే లేదు. దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతా చోట్ల అది 59 ఏళ్ల దాకా రావడం లేదని కూడా ఆ అధ్యయనమే చూపించింది.

సిగరెట్ మానాలనుకునేవారికి టీ వేళే పెద్ద పరీక్ష. ఒక నెల పాటు కొట్టు మార్చండి, లేదా గ్లాసు చేతిలో పట్టుకుని నడుస్తూ తాగండి. పొగ మానేసిన ఏడాదికల్లా గుండెజబ్బు ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. టీ ఇచ్చే మేలు ఎంతైనా దీని ముందు చిన్నదే.

తరచుగా జరిగే పొరపాట్లు

బెల్లం టీ కదా, ఎన్నయినా తాగొచ్చు అనుకోవడం. బెల్లంలో కాస్త ఖనిజాలున్నా అది కూడా చక్కెరే. తేనె సంగతీ అంతే. రెండింటినీ పంచదార లెక్కలోనే కలపండి.

గ్రీన్ టీ మాత్రలు మింగడం. కప్పులో కాచుకున్న టీ వేరు, సారాన్ని పిండి మాత్రగా చేసింది వేరు. ఆ మాత్రల్లోని ఈజీసీజీ అనే టీ పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఒంట్లోకి వెళ్తే కాలేయం దెబ్బతినే సూచనలున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది.

మర్యాద కోసం తాగడం. విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్టు నడిపే ఆయనను ఊహించుకోండి. వచ్చిన ప్రతి బేరగాడికీ టీ తెప్పిస్తాడు, తోడుగా తనూ తాగుతాడు. రాత్రి కొట్టు కట్టేసేసరికి ఎనిమిదో తొమ్మిదో టీలవుతాయి. తాగనంటే ఎదుటివాళ్లు ఏమనుకుంటారోనని ఆయన బెంగ. "మీరు కానివ్వండి, నేను ఇప్పుడే తాగాను" అంటే ఏ బేరమూ చెడిపోదు. మరీ బలవంతం చేస్తే వన్ బై టూ చెప్పించుకుని, సగంతో సరిపెట్టుకోవచ్చు.

ఒక్కరోజులో పూర్తిగా మానేయడం. రోజుకు ఆరు టీలు తాగేవాళ్లు హఠాత్తుగా ఆపితే తలనొప్పి, చిరాకు, నీరసం వస్తాయి. "నాకు టీ లేకపోతే కుదరదు" అని మళ్లీ మొదలుపెట్టేస్తారు. రెండు మూడు రోజులకు ఒకటి చొప్పున తగ్గిస్తే ఆ బాధ ఉండదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు ఇంకొకటుంది. తెల్లవారుజామున యాభై ఏళ్ల మనిషికి ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు నొప్పి. చెమటలు పడుతున్నాయి, ఎడమ చెయ్యి లాగుతోంది. "గ్యాస్ అయ్యుంటుంది, కాస్త అల్లం టీ పెట్టు" అంటాడు. టీ తాగి, పడుకుని, తగ్గుతుందేమోనని గంటసేపు చూస్తారు. గుండెపోటులో ఆ గంటే అమూల్యం. రక్తం అందని గుండె కండరం నిమిష నిమిషానికీ చచ్చిపోతూ ఉంటుంది. ఛాతీలో బరువు, దవడకో వీపుకో చేతికో పాకే నొప్పి, ఆయాసం, చల్లటి చెమట, వాంతి వచ్చేలా ఉండటం, వీటిలో ఏది కనిపించినా టీ గిన్నె జోలికి వెళ్లకుండా 108కి ఫోన్ చేయండి. ఈసీజీ తీసేదాకా అది గ్యాసే అని ఎవరూ తేల్చకూడదు. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవారిలో నొప్పి పెద్దగా లేకుండా ఆయాసం, నీరసంతోనే గుండెపోటు రావచ్చు. ఈ ఒక్క పేరా ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

నాలుగు వారాల ప్రణాళిక

మొదటి వారం: ఏమీ మార్చకండి, రాసుకోండి. ఎన్ని గ్లాసులు, ఎన్ని చెంచాలు, పక్కన ఏం తిన్నారు, ఏ వేళకు తాగారు.

రెండో వారం: ప్రతి గ్లాసులో అర చెంచా పంచదార తగ్గించండి. భోజనానికి గంట ఎడం పాటించండి.

మూడో వారం: ఇంకో అర చెంచా తగ్గించండి. రోజుకు ఒక టీ పాలు లేకుండా తాగండి. బిస్కెట్లకు బదులు పల్లీలు, శనగలు.

నాలుగో వారం: లెక్కను మూడు నాలుగు గ్లాసులకు తెచ్చి, సాయంత్రం ఆరు తర్వాత ఆపేయండి. మొదటి వారం రాసుకున్న కాగితం తీసి పక్కన పెట్టి చూసుకోండి.

మధ్యలో ఒక రోజు తప్పితే? పెళ్లికి వెళ్లి అదనంగా నాలుగు టీలు తాగేశారనుకోండి. ఏమీ మునిగిపోలేదు, మర్నాటి నుంచి మళ్లీ కొనసాగించండి. ఒక్కరే చేయడం కష్టమనిపిస్తే ఇంట్లో అందరికీ ఒకే గిన్నెలో తక్కువ చక్కెరతో పెట్టండి. తోడు టీ తాగే స్నేహితుణ్నీ కలుపుకోండి.

అసలు టీ అలవాటే లేనివారు గుండె కోసమని కొత్తగా మొదలుపెట్టాల్సిన పని లేదు. రోజూ అరగంట నడక, తక్కువ ఉప్పు, పొగకు దూరం, వేళకు మందులు వాళ్లకు అంతకు మించిన మేలు చేస్తాయి. టీ ప్రియులకు కూడా వీటికి టీ బదులు కాదు. మీరు తాగబోయే తర్వాతి గ్లాసుతోనే మొదలుపెట్టండి, అందులో ఎన్ని చెంచాల పంచదార పడిందో రాసుకోండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకుని ఏడాది దాటితే, ఈ వారంలోనే ఒక పొద్దున టీ తాగకముందే వెళ్లి చేయించుకోండి.